ఎర్రచెలక తలుపు

జనగామలో మా తమ్ముడు కొత్త ఇల్లు కడుతున్నాడు. స్లాబు పడింది, ప్లాస్టరింగ్ అయింది, పని రంగుల దగ్గరికొచ్చింది. అందుకోసం హైదరాబాదులో చదువుకొచ్చిన ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి రంగుల అట్ట మా ముందు పరిచి, "తలుపులకు, కిటికీలకు ఇప్పుడంతా ఎర్త్ టోన్సే ఆంటీ. మట్టి రంగులు. ఇంట్లకు రాంగనే మనసు నిమ్మళమైతది" అంటూ ఒక ఎర్ర ముక్క మీద వేలు పెట్టింది. దాన్ని చూడగానే నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వు.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

"మా మామ యాదికొచ్చిండురా."

వాడు నవ్వలేదు. మా ఆయన నాయిన పేరెత్తితే మా పుట్టింట్లో ఎవరూ నవ్వరు.

చచ్చిపోయి ఇన్నేళ్లయింది కాబట్టి 'అన్నాడు', 'చేశాడు' అని రాయగలుగుతున్నాను. బతికుండగా 'అన్నరు', 'చేసిండ్రు' అనకపోతే ఆ పూట తిండి దొరికేది కాదు. మాటవరసకు అనడం లేదు. మా అత్తమ్మ ఒకసారి పక్కింటామెతో 'మా పటేలు పండుకున్నడు' అన్నది. అది లోపలికి వినబడింది. అత్తమ్మ అన్నం ముందు కూర్చున్నాక ఆయన లేచివచ్చి, ఆ కంచం తీయించి కుక్కకు పెట్టించాడు. కుక్క తినేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత చేతికర్రతో నేల మీద తట్టి, "ఇగ వండుకో పో" అన్నాడు.

మనిషి పొట్టి. మడత నలగని తెల్లధోవతి. చెవుల్లోంచి వెంట్రుకలు. నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. ఆ భుజాలు కదిలాయంటే ఎవరికో మూడిందని మాకు అర్థం. ఎక్కడికి పోయినా వంగి చిటికెడు మట్టి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వాసన చూసేవాడు. నా పెళ్లిచూపులకు జనగామ వచ్చినప్పుడు అందరూ ముందుగదిలో కూర్చుంటే ఆయన మా పెరట్లోకి పోయాడు. మట్టి నలిపి చూసి, మా నాయినతో "చౌడు. దీంట్ల ఏం పండుతది" అన్నాడు. అని, నావైపు తిరిగి పైనుంచి కిందిదాకా చూశాడు. పెళ్లిచూపుల్లో ఆయన నా గురించి అన్న మాట అదొక్కటే.

ఇంకో మాట ఉంది. అది ఆయన నోట్లోనే పుట్టి ఆయన నోట్లోనే పెరిగిన మాట. ఎవరు ఏది అడిగినా, "ముందు కానియ్యి, ఎన్క మాట్లాడుదాం" అనేవాడు. వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో! కాదనలేదు, కసరలేదు, ముందు పని కానిమ్మన్నాడు, అంతే. పని అయ్యేది. మాట్లాడటం మాత్రం ఉండేది కాదు. నేను బీఎడ్ చేస్తానంటే, "ముందు పిల్లగాన్ని కననియ్యి, ఎన్క మాట్లాడుదాం" అన్నాడు. కన్నాను. బాలింతగా ఉన్నప్పుడు గుర్తు చేస్తే భుజాలు కదిలించాడు. భూపాలపల్లి బొగ్గుబావుల ఆఫీసులో పనిచేసే మా ఆయన, నన్ను కూడా అక్కడికి తీసుకుపోతానని అడిగితే, "ముందు ఇల్లు లేవనియ్యి, ఎన్క మాట్లాడుదాం" అన్నాడు. ఇల్లు లేచింది. నేను తొర్రూరులోనే ఉండిపోయాను. మా ఆయన ఆదివారం మొగుడయ్యాడు.

ఆ మాటకు నాకన్నా ఎక్కువ నష్టపోయిన మనిషి ద్వాళి.

ద్వాళిది తొర్రూరు దాటాక వచ్చే తండా. వాళ్ల నాయిన రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి సాగులోకి తెచ్చిన ఎర్రచెలక ఒకటి తండాకీ మా భూములకీ మధ్యన ఉండేది. వానమీద పండే మెట్ట భూమి, జొన్నలూ కందులూ వేసేది. మొగుడు పోయాక ఒక్కతే చేసుకునేది. ఒక ఏడు మామ ఉన్నట్టుండి, "గది మాది. దాని నాయినకు మా నాయిన దున్నుకొమ్మని ఇచ్చిండు" అన్నాడు. ఇద్దరి దగ్గరా చూపించడానికి ఏమీ లేదు. ద్వాళి మండలాఫీసుకు పోలేదు, పోలీసుల దగ్గరికీ పోలేదు. ఊరి పెద్దల ముందుకొచ్చి, "పటేలును మట్టి మోసి నడవమనుండ్రి. నడిస్తే ఇడిసిపెడత" అన్నది.

మా దిక్కు పాత పద్ధతి అది. భూమి నాదన్నవాడు ఆ భూమిలోంచే ఒక పెళ్ల తీసి, వట్టి నెత్తి మీద పెట్టుకుని, హద్దు పొడుగునా నడవాలి. అబద్ధమాడి నడిచినవాడికి ఆ మట్టి అరగదనీ, చావొచ్చినా పాణం పోదనీ నమ్మకం. అందుకే నిజంగా తనదే అయినవాడు కూడా నెత్తిన పెట్టుకోవడానికి జంకుతాడు. సగం తగాదాలు నడక దాకా రాకుండానే తెగేవి. ద్వాళి ధైర్యం అదే. ఎంత చెడ్డవాడైనా నెత్తిన మట్టి పెట్టుకుని అబద్ధం నడవడని తండా మొత్తం నమ్మింది. నేనూ నమ్మాను.

నడక రోజు ఊరంతా చెలక దగ్గరికి పోయింది. అత్తమ్మా నేనూ గట్టు మీద ఆడవాళ్లతో నిలబడ్డాం. మామ చెప్పులు విడిచాడు, తలకు చుట్టిన రుమాలు తీశాడు. పెద్దలు ఒక పెళ్ల చూపిస్తే అది వద్దన్నాడు. తానే చేలోకి దిగి, రెండు మూడు పెళ్లలు ఎత్తి చూసి, మంచి రంగున్నది ఏరుకున్నాడు. వాసన కూడా చూశాడు. అప్పుడు ద్వాళి దగ్గరికొచ్చి, "పటేలా, నువ్వు నడిచినా సరే, గీ జొన్న మాత్రం నేనే కోసుకుంట. నా చెమట గది" అన్నది. తండావాళ్లు ఎవరినైనా నువ్వనే అంటారు. అది ఆయనకు గిట్టేది కాదు.

"ముందు నడువనియ్యి," అన్నాడు మామ, చాలా మర్యాదగా. "ఎన్క మాట్లాడుదాం."

నడిచాడు. తడబడలేదు, తొందరపడలేదు. పొద్దున వాకింగుకు పోయినట్టు పోయాడు. మధ్యలో ఒకచోట ఆగి, కాలికి గుచ్చుకున్న పల్లేరు కాయ తీసి పారేసి, మళ్లీ నడిచాడు. ద్వాళి ఆయన పాదాల్నే చూస్తున్నది. ఇప్పుడు పడతాడు, ఇప్పుడు పడతాడు అని చూస్తున్నది. ఆయన తిరిగొచ్చి మొదలుపెట్టినచోట నిలబడ్డాక కూడా ఆమె ఇంకా ఆ హద్దు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆఖరి బస్సు పోయిన సంగతి తెలియక స్టాండులో కూర్చున్న మనిషి మొహం అట్లాగే ఉంటుంది.

మాట్లాడేది ఏముంది? సాయంత్రానికి మా గొర్లమంద ఆ జొన్నచేల్లో ఉంది.

మట్టిపెళ్లను అక్కడే వదిలేస్తారు ఎవరైనా. మామ వదల్లేదు. రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చి ధాన్యం గదిలో గూట్లో పెట్టాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు. తర్వాత పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టినప్పుడు తెలిసింది.

తొర్రూరులో అప్పుడు కొత్త ఇళ్లన్నిటికీ తలుపులు ఆకాశం రంగో, చిలకపచ్చో. నాకు కూడా నా గది కిటికీకి లేతపచ్చ వేయించుకోవాలని ఉండేది. మామ ఒక్కడే మట్టి పట్టుకున్నాడు. పెయింటర్‌ను పిలిచి మూటలు విప్పాడు. చెరువు కింది నల్లరేగడి కిటికీలకు. మామిడితోటలోని పసుపు మట్టి పెరటి తలుపుకు. ఆఖరున రుమాలు విప్పి ఆ ఎర్రచెలక పెళ్ల బయటపెట్టి, "గిది ముందు తలుపుకు" అన్నాడు.

"పటేలా, మట్టి కట్టె మీద నిలువది. గీ రంగులే డబ్బాల దొరుకుతయి, తెస్త," అన్నాడు పెయింటర్.

"నీ డబ్బా నా భూమిలకెల్లి వచ్చిందా? ముందు వెయ్యి, ఎన్క మాట్లాడుదాం."

అతను ఆ మట్టిని ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించి, అవిసె నూనెలో కలిపి, పూత మీద పూత వేశాడు. నిలిచింది. ఒక కిటికీ మాత్రం మిగతావాటికన్నా రవ్వంత తెల్లగా వచ్చిందని మామ దాన్ని గాజుపెంకుతో గీకించాడు. మిట్టమధ్యాహ్నం, నీడలేని గోడకు నిచ్చెన వేసుకుని అతను గీకుతుంటే, మామ కింద కుర్చీ వేసుకుని సీతాఫలాలు తిన్నాడు. గింజలు ఊసినప్పుడల్లా తలెత్తి, "ఆ మూల ఉన్నది సూడు" అని గుర్తు చేసేవాడు.

ఒప్పుకోవాలి, ఇల్లు అందంగా ఉండేది. తెల్లటి సున్నపు గోడల్లో ఆ కిటికీలు, ఆ రెండు రెక్కల ఎర్ర తలుపు ఇంపుగా కనబడేవి. ఎవరొచ్చినా మామ వాళ్లకు చాయ్ కన్నా ముందు తలుపులు చూపించేవాడు. కర్రతో కిటికీని తట్టి, "గిది చెర్వు కింద భూమి." పెరటి తలుపును తట్టి, "గిది మామిడితోట." ముందు తలుపు దగ్గరికొచ్చేసరికి కర్ర పక్కన పెట్టి అరచేత్తో రాసేవాడు. "గిది నేను నెత్తిన మోసుకొచ్చింది" అనేవాడు. మా ఇంట్లో కిటికీ తెరిచినా ఆయన భూమే, మూసినా ఆయన భూమే.

చెలక పోయాక ద్వాళి కూలికి తిరిగింది. ఇల్లు పూర్తయ్యాక మామ మనిషిని పంపి ఆమెను పనికి పిలిపించాడు. వాకిలి ఊడ్చే మనుషులు మా ఇంటికి కరువు కాదు. అత్తమ్మ అడిగితే, "తలుపులు తుడువాలె గద. ఎర్రతలుపు అదే తుడువాలె. దానికైతె తెలుస్తది" అన్నాడు. భుజాలు కదిలాయి.

ఆమె ఎందుకొచ్చిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. రోజూ పొద్దున వచ్చేది, వాకిలి ఊడ్చేది, తడిగుడ్డతో కిటికీలు గబగబా తుడిచేది. ముందు తలుపు దగ్గర మాత్రం ఆగేది. దానికి తడిగుడ్డ పెట్టేది కాదు, కొంగుతో తుడిచేది. మామ లోపల మడతమంచం మీద కూర్చుని ఆ తుడవటాన్ని చూస్తూ చాయ్ తాగేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. ఒకరోజు ఆయన లేనప్పుడు అడిగాను.

"గీ ఇంట్ల ఎందుకు జేస్తున్నవ్ ద్వాళీ? ఇంకెక్కడ దొరకదా పని?"

"దొరుకుతది," అన్నది. "గీడనైతె మా నాయిన మన్ను తాకుత."

నేను లోపలికొచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

అప్పటికి ఉద్యమం ఊళ్లను పట్టింది. బళ్లు బంద్, బస్సులు బంద్. భూపాలపల్లిలో సమ్మె కట్టి మా ఆయన ఇంటిపట్టునే ఉన్నాడు. కాలేజీ పిల్లలు డబ్బాల్లో రంగు, చేతుల్లో కుంచెలు పట్టుకుని గోడగోడకూ జై తెలంగాణ రాస్తున్నారు. ఒకడు మా ఎర్రతలుపు మీద కాగితం జెండా అంటించాడు. మామ వాడిని పట్టుకుని, గోళ్లతో ఆ బంకంతా గీకించాడు, వేళ్ల సందుల్లో నెత్తురు కనబడేదాకా. కొన్నాళ్లకు గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని తానే కండువా వేసుకున్నాడు. ఊరేగింపుల్లో ముందు వరస, ధర్నాల్లో ముందు కుర్చీ. తలుపు మీద మాత్రం చుక్క రంగు పడనియ్యలేదు.

రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. తారు మీద రాళ్లపొయ్యిలు, గుండిగలు, పొగ. తండా ఆడవాళ్లు ఒకవైపు, మేం ఒకవైపు కూర్చుని కూరగాయలు తరుగుతున్నాం. మామ మైకు పట్టుకున్నాడు. మాట్లాడితే బాగానే మాట్లాడేవాడు, ఆ సంగతి దాచను. "మన భూములు పరాయోళ్లు మింగిండ్రు. అడిగేటోడు లేకుండె. ఇగ ఊకునేది లేదు. ఎవ్వని భూమి వానికి రావాలె!" అన్నాడు. చప్పట్లు, ఈలలు.

ఉల్లిగడ్డలు కోస్తున్న ద్వాళి లేచి నిలబడింది. కత్తి చేతిలోనే ఉంది. "పటేలా!" అన్నది గట్టిగా. "నా చెలక సంగతి గూడ చెప్పు!"

ఇప్పుడేమంటాడు, ఇంతమంది ముందు ఎక్కడ దాక్కుంటాడు అనుకున్నాను. మామ ఆమె వైపు చెయ్యి చాపాడు.

"సూడుండ్రి! గీ తండ అక్కను సూడుండ్రి! నాయిన సంపాయించిన చెలక పోయింది, మొగడు పోయిండు, మందిండ్లల్ల పాచిపని జేసుకుంట బతుకుతున్నది. పరాయోళ్ల పాలనల గిట్లాంటి అక్కలు ఎంతమంది! గీ అక్క కోసమన్న రాష్ట్రం రావాలె! జై తెలంగాణ!"

జై తెలంగాణ అని రోడ్డంతా ఊగిపోయింది. ఎవరో ద్వాళి మెడలో దండ వేశారు. ఇంకెవరో ఆమె చెయ్యి పట్టి పైకెత్తారు. ఆమె ఏదో అంటున్నది, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం ఆ కేకల్లో ఎవరికీ చేరలేదు. ఆమె మొహం చూడలేక నేను వంకాయల మీదికి వంగాను.

ఆ రాత్రి అన్నం తింటూ మామ, "మస్తు టైముకు లేసింది" అన్నాడు. అని, పెరుగు వేసుకున్నాడు. ఆయన మీద నాకు భయం పోయి అసహ్యం మొదలైంది ఆ పూటే.

తర్వాతి ఏడు రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. కంట్రాక్టర్‌కు ఎర్రమొరం కావాలి. మామ చెలకను అమ్మలేదు, చెలకలోని మట్టిని ఇచ్చాడు. టిప్పర్లు వచ్చి పైమట్టి, కిందిమొరం అంతా తోడుకుపోయి రోడ్డుకింద పోశాయి. వానకాలానికి అక్కడ గేదెలు దిగే గుంత మిగిలింది. అత్తమ్మకు కూడా మనసొప్పలేదు. "అంత పాణంగ సూసుకుంటిరి, గుంత జేస్తిరి గద," అన్నది.

"ఎటువోయింది? తలుపు మీదున్నది గద," అన్నాడు మామ.

ఆ చలికాలమే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, నోరు వంకరపోయింది, మాట పోయింది. వరంగల్ దవాఖానలో కొన్నాళ్లుంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం ముందుగదిలో వేశాం, తలుపుకెదురుగా. అన్నం పోదు, నీళ్లు సగం బయటికే. వీపున పుండ్లు పడ్డాయి. ఇవాళ పోతాడు రేపు పోతాడని చుట్టాలు రావడం, చూడటం, విసుగొచ్చి పోవడం. పాణం మాత్రం కదల్లేదు. ఒక కన్ను మూతపడేది కాదు. ఆ కన్నుతో తలుపును చూస్తూ ఉండేవాడు.

నర్మెట్ట నుంచి వచ్చిన ముసలి మేనత్త ఒకామె, "మన్ను మీద ఆశున్నోడు. మన్ను నీళ్లల్ల కలిపి నాలుక మీద పొయ్యిండ్రి, పోతడు" అన్నది. చెరువు కింది మట్టి తెచ్చి పోశాం. మామిడితోట మట్టి పోశాం. గొంతులో గరగరమన్నది కానీ పోలేదు. మేనత్త అత్తమ్మను పక్కకు పిలిచి, "నడిచిన మన్ను ఏదన్న ఉన్నదా?" అన్నది. అత్తమ్మ మా ఆయనను కేకేసింది.

మా ఆయన చెలక దగ్గరికి పోయి వట్టి చేతులతో వచ్చాడు. "నీళ్లు, రాళ్లు, బర్రెలు. మన్నెక్కడున్నదే," అన్నాడు. మేం ముగ్గురం ఒకేసారి తలుపు వైపు చూశాం.

"నేను గీకుత," అన్నాను.

"మనం గీకితె పనిచెయ్యది బిడ్డా. ద్వాళి భూమి గది. అదే తన చేతులతోటి పొయ్యాలె," అన్నది అత్తమ్మ. పెళ్లయినప్పటి నుంచి అది ద్వాళి భూమి అని ఆమె నోట విన్నది అదే మొదటిసారి.

రాష్ట్రం వచ్చిన రోజు అది. బజారంతా పటాకులు, డప్పులు, రంగులు చల్లుకోవడాలు. మా ఆయన పోయి ద్వాళిని తండా నుంచి తీసుకొచ్చాడు. గడప లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడింది. అత్తమ్మ చేతులు జోడించింది. "తప్పయింది ద్వాళీ. తలుపు మీది మన్ను ఇంత గీకి, నీ చేత్తోని ఆయన నోట్ల పొయ్యి. పాణం పోనియ్యి. చూడలేకపోతున్న."

ద్వాళి మంచం మీది మనిషిని చాలాసేపు చూసింది. ఆయనా ఆమెనే చూస్తున్నాడు, ఆ మూతపడని కన్నుతో. తర్వాత ఆమె తలుపు మీద అరచెయ్యి పెట్టింది.

"గీ తలుపు రెక్క ఒకటి ఊడదీసి నా నెత్తికెత్తుండ్రి. నా చెలక ఇగ గిదే గద మిగిలింది."

"అట్లనే. ముందు మన్ను పొయ్యి, తీస్కపో," అన్నాడు మా ఆయన.

"ముందు రెక్క," అన్నది ద్వాళి.

అత్తమ్మ తల ఊపింది. మా ఆయన సామాను తెచ్చి, రెక్కను పట్టి ఉంచే బందుల మేకులు ఊడదీశాడు. చివరి మేకు ఊడుతుంటే మంచం మీదినుంచి ఒక చప్పుడొచ్చింది. మాట కాదు, గొడ్డు మూలిగినట్టు. ఎడమ చెయ్యి లేచి, గాల్లో తలుపు వైపు చాపి, పడిపోయింది. ద్వాళి కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని వంగింది. ఆ టేకు రెక్కను ఒకవైపు నేను, ఒకవైపు అత్తమ్మ పట్టి ఆమె నెత్తికెత్తాం. నాకు సంతోషమైంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నేను చేసిన పనుల్లో మనసుపెట్టి చేసింది అదేనేమో.

ఆమె రెక్కను సరిచూసుకుని, గేటు వైపు నడిచింది. తడబడలేదు, తొందరపడలేదు.

అత్తమ్మ ఆమె వెంట గేటు దాకా ఉరికింది. "ఓ ద్వాళీ! మన్ను? మన్ను పొయ్యవా?"

నెత్తి మీద బరువుతో ద్వాళి వెనక్కి తిరగలేదు.

"ముందు నడువనియ్యి అవ్వా," అన్నది. "ఎన్క మాట్లాడుదాం."

బజారులో రంగులు చల్లుకుంటున్నవాళ్లు ఆ ఎర్రరెక్కకు దారి ఇచ్చారు. డప్పుల మధ్యలోంచి అది కొంతదూరం కనబడింది, తర్వాత మలుపు తిరిగింది. అత్తమ్మ గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నేను వెనక్కి తిరిగితే, సగం తెరుచుకుని ఉన్న ద్వారంలోంచి మంచం, మంచం మీద ఆ కన్ను కనిపించాయి.

మిగిలిన రెక్కను మా ఆయన గీకాడు, నీళ్లలో కలిపాడు, అత్తమ్మ పోసింది. ఏమీ కాలేదు. సగం తలుపుకేసి చూస్తూ మామ బతుకమ్మ పండుగ దాకా బతికాడు. ద్వాళి మళ్లీ మా వాకిట్లోకి రాలేదు.